చెంబు నవ్వు చూసిన రాకుమారుడు

రండమ్మా, దగ్గరికి జరగండి. ఆ స్తంభం వెనక నక్కినవాళ్ళు కూడా ఇటు రండి, నాకు మీ ముఖాలు కనబడాలి. ముఖాలు కనబడకపోతే నాకు కథ రాదు. ముందుగా విఘ్నేశ్వరుడికి ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? మంచిది. ఇక నేను చెబుతూ ఉంటాను, మీరు ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగిందంటే కథా ఆగిపోతుంది మరి!

అనగనగా ఒక రాజు. ఆ రాజు పేరు మణికంధరుడు, ఆయన ఏలేది వజ్రకూట రాజ్యం. ఆయనకి ఏడు కోటలున్నాయి, ఏడు వందల ఏనుగులున్నాయి. కానీ ఆయన మీసం మీద చెయ్యి వేసి చెప్పుకునేది మాత్రం ఒక్కటే. "మా అలివేణి చేతి బొట్టు పడని వస్తువు మా ఇంట్లో లేదయ్యా!" అని.

అలివేణి అంటే ఆయన పట్టపురాణి. శుక్రవారం తెల్లవారిందంటే చాలు, దాసీలను పక్కకి జరగమని తానే కొంగు దోపుకుని, గడపగడపకీ పసుపు రాసి కుంకుమ పెట్టేది. రోలుకి బొట్టు, రోకలికి బొట్టు, చేటకి బొట్టు, నీళ్ళ బిందెకి బొట్టు. ఎవరైనా నవ్వితే, "ఇవన్నీ మనకి చేసేవే గాని నోరు తెరిచి అడిగేవి కావమ్మా. అడగనివాళ్ళని మనమే పలకరించాలి" అనేది. అదీ మహాతల్లి మాట. గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కండబలం. రెండోవాడు మతిధరుడు, పుస్తకబలం. మూడోవాడు వినాయక చవితినాడు పుట్టాడని స్వామి పేరే పెట్టారు, సుముఖుడని. వాడి బలం ఏమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

పిల్లలు చిన్నప్పుడు ఒకనాడు రాణి పసుపు ముద్ద చేసి, తమలపాకు మీద నిలబెట్టి, బొట్టు పెట్టి, "ఇదిగో గణపతి, దండం పెట్టుకోండి" అంది.

"తొండం ఏదమ్మా?" అన్నాడు పెద్దవాడు.

"చెవులు ఏవమ్మా?" అన్నాడు రెండోవాడు.

"అమ్మా అమ్మా, స్వామి నన్ను చూసి నవ్వుతున్నాడు!" అన్నాడు మూడోవాడు.

ఆ రోజు నుంచి సుముఖుడికి ఎటు చూసినా ముఖాలే. రెండు కిటికీలూ ఒక వాకిలీ ఉన్న ఇల్లు కనబడితే, "ఆ ఇల్లు ఆవులిస్తోంది" అనేవాడు. మబ్బు కోపంగా ఉందనేవాడు. చెంబు నవ్వుతోందనేవాడు. అన్నలిద్దరూ పగలబడి నవ్వి, "ఒరేయ్ చెంబునవ్వులోడా! ఇవాళ మీ చెంబుగారు కులాసాయేనా?" అని ఏడిపించేవాళ్ళు. సుముఖుడు వెళ్ళి తల్లి పక్కన కూర్చునేవాడు. తల్లి వాడి తల నిమిరి, "నవ్వనీ నాయనా. నీకు కనబడుతోంది, అంతే" అనేది.

ఇలా ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజనాడు ఒక బైరాగి అంతఃపురం వాకిట్లోకి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? పసుపు ఆరని గడప మీద రెండు కాళ్ళూ వేసి నిలబడ్డాడు!

"నాయనా, గడప తొక్కకు. దాటి రా, అన్నం పెడతాను" అంది రాణి.

"చెక్కముక్కకి ఇంత మర్యాదా?" అన్నాడు వాడు.

"చెక్క కాదు నాయనా, ఇంటికి ముఖం."

అంతే. వాడు బైరాగి వేషం విదిలించేశాడు. చూస్తే ఎవరు? ఏడు సముద్రాల అవతల ఉండే జడాక్షుడనే మాంత్రికుడు! "నా కోటలో ఉన్న వస్తువులన్నీ ఒకప్పుడు మనుషులేనే. మనుషులైతే అన్నం అడుగుతారు, ఎదురు చెబుతారు. వస్తువులైతే నోరు మూసుకుని పడుంటాయి. నీకు గడప మీద అంత ప్రేమా? అయితే నా ఇంట్లో గడపవై పడుండు. రోజుకి పదిసార్లు తొక్కుతాను. వచ్చే దసరాలోగా నిన్నెవరూ గుర్తుపట్టకపోతే ఇక ఎప్పటికీ కట్టెవే!" అని, గాలిలో చెయ్యి తిప్పాడు. గాలి గిర్రున తిరిగింది. వాడూ లేడు, రాణీ లేదు. గడప మీద కుంకుమ భరిణె ఒక్కటే దొర్లుతోంది.

రాజు మంచం పట్టాడు. ఎలా పట్టడు మరి? ఇంట్లో ప్రతి వస్తువుకీ బొట్టు పెట్టిన తల్లిని ఎవడో రోజూ కాలితో తొక్కుతున్నాడాయె!

"నేను కత్తితో తెస్తాను" అని రణధీరుడు లేచాడు. "నేను తెలివితో తెస్తాను" అని మతిధరుడు లేచాడు. ఇద్దరూ ఓడ ఎక్కారు. ఒక నెల గడిచింది, రాలేదు. ఆరు నెలలు గడిచాయి, రాలేదు. అప్పుడు సుముఖుడు తండ్రి ముందుకొచ్చాడు.

"నాన్నగారూ, నేను వెళతాను."

"నాకు మిగిలినవాడివి నువ్వొక్కడివేరా. కత్తి పట్టడమైనా సరిగ్గా రాదు. ఏం చేసి గెలుస్తావు?"

"తెలియదు నాన్నగారూ. అమ్మ గుర్తుపట్టేవాళ్ళ కోసం చూస్తోంది. గుర్తుపట్టడం ఒక్కటే నాకు వచ్చు."

ఆ మాటకి రాజు కళ్ళు తుడుచుకుని దీవించాడు. సుముఖుడు తల్లి కుంకుమ భరిణె మొలలో దోపుకుని బయలుదేరాడు.

పోయాడు, పోయాడు, పోయాడు. సముద్రం ఒడ్డు చేరాడు. ఓడ లేదు, తెప్ప లేదు. ఒడ్డున నాచు పట్టిన పెద్ద బండ ఒకటుంది. ఎవరు చూసినా బండే. సుముఖుడు చూస్తే బండ నుదుటి మీద ముడతలు, కింద రెండు అలసిన కళ్ళు. వెంటనే చేతులు జోడించి, "తాతా, నమస్కారం" అన్నాడు.

బండ కళ్ళు తెరిచింది. బండేమిటి, అది తాబేలు! "మూడు వందల ఏళ్ళకి ఒక మర్యాదస్తుడు కనబడ్డాడు. ఆర్నెల్ల కింద ఇద్దరొచ్చారయ్యా, నా వీపు మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి అన్నం వండుకున్నారు!"

"వాళ్ళు మా అన్నలే తాతా. తప్పైపోయింది, క్షమించు" అని, కాలిన చోట చల్లటి నీళ్ళు పోసి, నుదుటిన బొట్టు పెట్టాడు. తాబేలు తాత కరిగిపోయి, "ఎక్కు మనవడా" అన్నాడు.

ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు. అక్కడ చీమలు బాబోయ్ చీమలు! కల్లు సముద్రంలో తాత కాస్త తూలాడు. నెయ్యి సముద్రంలో జారాడు. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, ఏడూ దాటి జడాక్షుడి కోట ముందు దిగేసరికి దసరా ఇంక మూడు రోజులే ఉంది.

కోటకి ఒకే తలుపు. నున్నటి గంధపు చెక్క. రెండు ఇత్తడి కడియాలు కళ్ళలా ఉన్నాయి. కుడి చెంప మీద మాత్రం ఎవడో తన్నినట్టు ఒక సొట్ట. సుముఖుడు దగ్గరికెళ్ళి మెల్లగా, "తల్లీ, ఎవరో నిన్ను నొప్పించారు. నేను మాత్రం అడిగే వస్తాను. కాస్త దారి ఇస్తావా?" అన్నాడు. కిర్రుమనైనా అనకుండా తలుపు బార్లా తెరుచుకుంది.

"కిచ్ కిచ్! అబ్బో, తలుపుని కూడా అడిగేవాళ్ళున్నారే!" అని పైనుంచి ఒక గొంతు వినబడింది. చూస్తే గోడ మీద బల్లి. "ఇది మందారవల్లి అనే రాకుమారి బాబూ. మాంత్రికుడు పెళ్ళి చేసుకోమంటే కుదరదంది, తలుపైపోయింది. ఆర్నెల్ల కింద వచ్చిన వస్తాదు తన్నింది ఈ తల్లినే. ఆ తర్వాత ఏం జరిగిందనుకున్నావ్? వాళ్ళలో పుస్తకాలాయన, 'అన్నయ్యా, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది, కథలన్నిటిలోనూ అంతే' అన్నాడు. బంగారు పంజరంలో చిలక కనబడనే కనబడింది. వస్తాదు దాని మెడ పట్టుకున్నాడు. చిలక 'చచ్చాన్రోయ్' అంది, మాంత్రికుడు కడుపుబ్బ నవ్వాడు, ఇద్దరూ రోకళ్ళైపోయారు. ఆ చిలక ఎర బాబూ! కథలు విన్నవాళ్ళ కోసమే పెంచుతున్నాడు."

చూశారర్రా! అందుకే కథ వింటే సరిపోదు, కళ్ళు కూడా తెరుచుకుని ఉండాలి.

సుముఖుడు నేరుగా సభలోకి వెళ్ళాడు. జడాక్షుడు భుజం మీది నల్ల శాలువా తీసి గోడకున్న చిలక్కొయ్యకి తగిలించి, తాపీగా కూర్చున్నాడు. చిలక్కొయ్య తెలుసు కదా మీకు? బట్టలు తగిలించుకోవడానికి చిలక ముక్కులా చెక్కి గోడకి దిగ్గొట్టే కొయ్య. ఇది పాతబడి, చెక్కడం అరిగిపోయి, ఉత్త మేకులా ఉంది. అయినా సుముఖుడికి దాని ముఖం కనబడింది. ఆ కోటలో ఏ వస్తువు ముఖం చూసినా భయం. ఆ కొయ్య ముఖంలో మాత్రం పొగరు. "ఇదేం వింత!" అనుకున్నాడు.

"మా అమ్మని వదులు" అన్నాడు.

"వదలాలంటే మూడు పొద్దుల్లో మూడుసార్లు నీవాళ్ళని, నేనడిగినవాళ్ళని గుర్తుపట్టు. ఒక్కటి తప్పినా నువ్వు నా చీపురువి" అని మాంత్రికుడు నవ్వాడు. గోడ మీద కొయ్య కూడా నవ్వింది.

మొదటి పొద్దు. నలభై రోకళ్ళు నిలబెట్టాడు. "వీటిలో మీ అన్నలెవరు?" సుముఖుడు ఒక చివర నుంచి చూస్తూ వచ్చాడు. ముప్పై ఎనిమిది రోకళ్ళు బుద్ధిగా నిలబడ్డాయి. రెండు మాత్రం మూతులు ముడుచుకుని ఒకదానికొకటి పెడమొహం పెట్టి ఒరిగి ఉన్నాయి.

"ఇవే. చిలక సలహా ఎవరిదని ఇంకా పోట్లాడుకుంటున్నారు మావాళ్ళు!"

మాంత్రికుడి ముఖం మాడింది. గోడ మీద కొయ్య ముఖమూ మాడింది.

రెండో పొద్దు. కొత్త రంగులు వేసిన యాభై తలుపులు వరసగా పెట్టాడు. "వీటిలో రాకుమారి ఎవరు?" రంగు వేశాడు గాని, చెంప మీద సొట్ట పూడ్చడం మరిచిపోయాడు పిచ్చివాడు. సుముఖుడు సొట్ట ఉన్న తలుపు ముందు నిలబడి, "నొప్పి తగ్గిందా తల్లీ?" అన్నాడు. మాంత్రికుడు పళ్ళు కొరికాడు. కొయ్య కూడా ముక్కు బిగించింది. సుముఖుడు ఓరకంట చూశాడు.

ఆ సాయంత్రం బల్లి వచ్చి, "బాబూ, ఎక్కడైనా తిరుగు గాని ఆ కొయ్య ఉన్న గోడ జోలికి పోకు. మా బల్లులెవరూ అటు పాకరు. అది గుడ్లురుముతుంది" అంది. సుముఖుడు "అలాగా!" అన్నాడు.

మూడో పొద్దు. అదే దసరా. మాంత్రికుడు నూరు వాకిళ్ళు, నూరు గడపలు వరసగా నిలబెట్టి, "వీటిలో మీ అమ్మ ఎవరు?" అన్నాడు.

సుముఖుడు చూశాడు. వేసిన అడుగు వెనక్కి తీశాడు. ఎందుకో తెలుసా? నూటికి నూరు గడపలకీ ముఖాలున్నాయి! ప్రతి చెక్కలోనూ రెండు కళ్ళలాంటి ముడులు, ఒక పెదవిలాంటి గీత. ప్రతిదీ అమ్మలాగే ఉంది. ఏదీ అమ్మ కాదనిపించడం లేదు.

"ఏమైందిరా చూపులవాడా? ముఖాలు ఎక్కువయ్యాయా?" అన్నాడు మాంత్రికుడు. కొయ్య కిలకిలమంది.

సుముఖుడు కళ్ళు మూసుకుని, "స్వామీ, పసుపు ముద్దలో నవ్విన తండ్రీ, చూపు నువ్వే ఇచ్చావు, ఇప్పుడు దారి కూడా నువ్వే చూపించు" అని మొక్కాడు. తర్వాత భరిణె తీసి, నూరు గడపలకీ ఒక్కొక్కదానికీ వంగి బొట్టు పెట్టాడు. ఎవరైతేనేం, ఎవరో ఒకరి అమ్మలే కదా! చివరి గడపకి బొట్టు పెడుతుంటే తట్టింది. ముఖం అన్నిటికీ ఉంది. కొడుక్కి దెబ్బ తగిలితే ఓర్చుకోలేనిది మాత్రం ఒక్కటే ఉంటుంది.

చెప్పులు విడిచాడు. పైపంచెతో కళ్ళకి గంతలు కట్టుకున్నాడు. కాలు ఎత్తకుండా, నేల రాస్తూ గబగబా నడిచాడు. మొదటి గడప టక్కున తగిలింది. కాలివేలు చిట్లింది. రెండో గడప టక్! మూడో గడప టక్! పది దాటాడు, ఇరవై దాటాడు, యాభై దాటాడు. వేళ్ళన్నీ రక్తాలు. బల్లి చూడలేక తోకతో కళ్ళు మూసుకుంది. డెబ్బై గడపలు దాటాడు. డెబ్బై ఒకటి టక్. డెబ్బై రెండు టక్.

డెబ్బై మూడు...

తగల్లేదు. కాలు ముందుకి జారింది. గడప లేదు! కాదు, ఉంది. కొడుకు కాలికి దెబ్బ తగలకుండా నేలలోకి ఒదిగిపోయింది. ఏడాదిపాటు మాంత్రికుడు రోజుకి పదిసార్లు తొక్కినా వెంట్రుకవాసి దిగని గడప అది. బిడ్డ కాలు వస్తోందంటే బెత్తెడు దిగింది.

సుముఖుడు గంతలు విప్పలేదు. అలాగే కూలబడి, ఆ చెక్క మీద చెంప ఆనించి, "అమ్మా" అన్నాడు.

జడాక్షుడు అదిరిపడి లేచాడు. "గుర్తుపట్టావు, ఒప్పుకున్నాను! కానీ మనుషుల్ని చెయ్యాల్సింది నేను కదా? చెయ్యను పో!" అని మంత్రదండం ఎత్తాడు. ఎత్తుతూనే దొంగ ఏడుపు ఏడుస్తూ, "నన్నేమైనా చెయ్యి గాని నా బంగారు చిలకని మాత్రం ముట్టుకోకు!" అన్నాడు.

సుముఖుడు గంతలు తీశాడు. చిలక వైపు చూడనేలేదు. కుంటుకుంటూ గోడ దగ్గరికి నడిచాడు. మూడు రోజులుగా చూస్తున్నాడు కదా, మాంత్రికుడు నవ్వితే నవ్వేది, మాడితే మాడేది ఒక్కటే ముఖం. "కొయ్యా, అందరికీ పెట్టాను, నీకే బొట్టు పెట్టలేదు" అన్నాడు.

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. దండం విసరబోయాడు. సరిగ్గా అప్పుడు మన బల్లి పైనుంచి టప్పున వాడి నడినెత్తిన పడింది!

ఎంత మాంత్రికుడైనా నెత్తిన బల్లి పడితే ఆగని మనిషి ఉంటాడా? "నడినెత్తి... శనివారం... ఫలం ఏమిటబ్బా?" అని చెయ్యి అలాగే ఆపి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం చాలు. సుముఖుడు చిలక్కొయ్యని రెండు చేతులా పట్టి గోడలోంచి ఊడబీకి, మోకాలికేసి ఫెటిల్లున విరిచాడు. ఫలం ఏమిటో వాడికి అప్పుడు తెలిసింది! జడాక్షుడు నిలుచున్న చోట పిడికెడు చెదలమట్టి మిగిలింది.

ఇక చూడాలి సంబరం! స్తంభాలు సైనికులయ్యాయి. బిందెలు పడుచులయ్యాయి. ఒక ముసలి తిరగలి, "అబ్బ, నడుం పట్టేసింది" అంటూ అవ్వై లేచింది. రోకళ్ళు అన్నలయ్యారు. తలుపు మందారవల్లి అయింది, నవ్వితే కుడి బుగ్గన చక్కటి సొట్ట పడింది. డెబ్బై మూడో గడప అలివేణి రాణి అయి, లేచీ లేవగానే కొంగు చింపి కొడుకు కాలికి కట్టు కట్టింది. "కాలు ఎత్తి నడవడం నేర్పలేదుట్రా నీకు?" అంది. అంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"నన్ను తన్నినాయన ఎవరు?" అని రాకుమారి అడిగింది. రణధీరుడు తమ్ముడి వెనక దాక్కున్నాడు. "సరే, ఆ సొట్ట వల్లే ఈయన నన్ను గుర్తుపట్టారు గనక వదిలేస్తున్నాను. తలుపునని తెలిసి కూడా అనుమతి అడిగిన ఈయన్నే పెళ్ళాడతాను" అంది.

అన్నలు తలలు వంచుకుని, "తమ్ముడూ, చెంబు నవ్వుతోందని నువ్వంటే నవ్వుతున్నట్టే. మాకు కనబడకపోవడం మా లోటు" అన్నారు.

తాబేలు తాత తన చుట్టపక్కాలందరినీ పిలిచి, అందరినీ ఏడు సముద్రాలూ దాటించాడు. బల్లి రాకుమారుడి తలపాగాలో ప్రయాణం చేసింది. బంగారు పంజరం చిలక, మెడ ఇంకా కాస్త వంకరగానే ఉన్నా, ఓడ ముందు కొస మీద కూర్చున్నట్టు తాత తల మీద కూర్చుని దారి చెప్పింది. వజ్రకూటంలో రాజు మంచం దిగి, పదహారేళ్ళవాడిలా ఎదురొచ్చాడు. కొడుకుని కౌగలించుకుని సభంతా వినబడేట్టు, "వీడు నా కొడుకు! చెంబు నవ్వు చూసినవాడు నా కొడుకు!" అని మీసం మెలేశాడు.

పెళ్ళిలో మొదట పసుపు గణపతిని నిలబెట్టారు. సుముఖుడు దండం పెట్టేసరికి, ఆ పసుపు ముద్ద నవ్వింది. ఈసారి అందరికీ కనబడేలా నవ్వింది. "సుముఖా, నా పేరు నిలబెట్టావు. ఒక వరం కోరుకో" అంది.

వాడు ధనం అడగలేదు, బలం అడగలేదు. "స్వామీ, ఏ మాంత్రికుడి ఇంట్లో ఏ తల్లి గడపై, ఏ అన్న రోకలై పడున్నాడో మాకేం తెలుసు? గుర్తుపట్టేవాళ్ళు లేక ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. నాకిచ్చిన చూపు పుట్టే ప్రతి బిడ్డకీ ఇవ్వు" అన్నాడు.

"తథాస్తు" అన్నాడు స్వామి.

అదర్రా సంగతి. అందుకే ఇవాళ్టికీ మనకి ఇంటి ముందు నిలబడితే కిటికీలు కళ్ళలా, వాకిలి నోరులా కనబడతాయి. బస్సు ఎదురొస్తుంటే గుడ్లు తెరుచుకుని వస్తున్నట్టుంటుంది. పెచ్చులూడిన గోడలో తాతయ్య కనబడతాడు, కాలిన అట్టు మీద ఎవరో కన్ను కొడతారు. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. తల దించుకోకండి. అది పిచ్చి కాదు నాన్నా, ఒక రాకుమారుడు కాలి వేళ్ళు చిట్లగొట్టుకుని మనందరికీ సంపాదించి పెట్టిన ఆస్తి. రాయిలో దేవుణ్ణీ, చెక్కలో అమ్మనీ చూసినవాళ్ళ వంశం మనది.

సుముఖుడూ మందారవల్లీ అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. అంతకాలమూ ఆ దేశంలో పలకరింపుకి నోచుకోని మనిషి లేడు, బొట్టుకి నోచుకోని గడప లేదు.

కథ గడప దాటింది. ఇక మీరూ లేవండి, ఇళ్ళకి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ గడపని తొక్కకండి నాయనా. కాలెత్తి దాటండి. మీకు దెబ్బ తగులుతుందని అది ఒదిగినా ఒదుగుతుంది.